మడమ మీద నల్లమచ్చ: "కత్తి పెడితె పాకుతదా?"

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది హనుమకొండ జిల్లాలో ఒక పల్లె. మా బాపుకు 62 ఏండ్లు, షుగర్ ఉంది. రెండేండ్ల కింద ఎడమ మడమ మీద చిన్న నల్లమచ్చ కనబడ్డది. ఆనెకాయ అనుకొని నేనే జిల్లేడు పాలు పెట్టిన. తర్వాత ఊళ్లె ఆర్.ఎం.పి. డాక్టరు రెండుసార్లు బ్లేడుతోని చెక్కి కట్టు కట్టిండు. దసరా సంది రక్తం కారుతున్నది. వరంగల్ల చూపిస్తె ముక్క తీసి పరీక్షకు పంపిండ్రు. మెలనోమా, మందం 3.2 మిల్లీమీటర్లు, పైన పుండు ఉంది అని రిపోర్టు వచ్చింది. జల్ది ఆపరేషన్ చెయ్యాలె అన్నరు. మా పెదనాయిన "కత్తి పెడితె ఒళ్లంత పాకుతది" అంటున్నడు. అన్నేమో పత్తి ఏరుడు అయినంక, సంక్రాంతి దాటినంక పోదాం అంటున్నడు. ఎకరం అమ్మాల్సి వస్తదేమో అని కూడా రంధి పడుతున్నడు. బాపుకు పుండు అనే చెప్పినం, క్యాన్సర్ అని చెప్పలే. వదిన ఆయన పళ్లెం వేరే పెడుతున్నది. కాలు తీసేస్తరా? నేను జిల్లేడు పాలు పెట్టినందుకే ఇట్లయ్యిందా?
– ఒక బిడ్డ

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఆ బరువు దిగితే తప్ప మిగతా మాటలు మీ చెవికెక్కవు.

జిల్లేడు పాల వల్ల మెలనోమా రాదు. మీరు పాలు పెట్టేనాటికే ఆ మచ్చలో జబ్బు మొదలై ఉంటుంది. చర్మానికి రంగునిచ్చే కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చే క్యాన్సర్ ఇది. తెల్లతోలు దేశాల్లో ఎక్కువగా ఎండకు కమిలిన చోట వస్తుంది. మనలాంటి చామనఛాయ, నల్లని ఒంటివాళ్లలో అరుదు. వచ్చిందంటే మాత్రం ఎక్కువగా ఎండ తగలని చోటే వస్తుంది: అరికాలు, అరచెయ్యి, గోటి కింద. ఇక్కడే ఎందుకో ఇంకా పూర్తిగా తేలలేదు. జిల్లేడు పాలు, నల్లజీడి, సున్నం చేసే కీడు వేరు. అవి చర్మాన్ని కాల్చి పుండు చేస్తాయి, అసలు మచ్చ ఆ పుండు చాటున దాక్కుంటుంది. పోయింది కాలం, అంతే. ఆ కాలాన్ని మీరొక్కరే పోగొట్టలేదు. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో నేనూ ఒకాయన బొటనవేలి గోరు నల్లబడితే ఫంగస్ అనుకుని మూడు నెలలు మందు రాశాను. అది మెలనోమా. చదువుకున్న నేనే పోల్చుకోలేనిది, ఆనెకాయ అనుకున్నందుకు మిమ్మల్ని ఎవరు తప్పు పట్టగలరు?

బాబ్ మార్లీ పేరు వినే ఉంటారు, జమైకా గాయకుడు. 1977లో ఆయన కాలి బొటనవేలి గోటి కింద బయటపడింది ఈ రకమే. ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బే మానడం లేదనుకున్నారు. వేలు తీసేయాలంటే ఆయన ఒప్పుకోలేదు. 1981 మేలో, 36 ఏళ్లకే పోయారు. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, మీ అన్నయ్య చదువుతాడని రాస్తున్నాను.

ఇక మీ పెదనాయన మాట. "కత్తి పెడితే పాకుతుంది" అన్న మాట నేను ముప్ఫై ఏళ్లుగా వింటున్నాను. ఆ మాట ఊరికే పుట్టలేదు. మన పల్లెల్లో రాచపుండు వచ్చినవాళ్లు ఆపరేషన్‌కు వచ్చేసరికే జబ్బు బాగా పాకిపోయి ఉండేది. ఆపరేషన్ అయిన ఆర్నెల్లకు మనిషి పోతే జనానికి గుర్తుండేది కత్తే గానీ అంతకుముందు గడిచిన రెండేళ్లు కాదు. నిజానికి ముక్క తీసి పరీక్ష చేయడం వల్ల మెలనోమా పాకదు. ముక్క తీయనిదే అది ఏమిటో, ఎంత లోతుందో తెలిసే దారి లేదు. పెదనాయన గారికి ఇలా చెప్పి చూడండి: భయపడాల్సింది ఆపరేషన్ థియేటర్‌లో కత్తికి కాదు, ఊళ్లో చెక్కిన బ్లేడుకు. చెక్కిన తునకను పరీక్షకు పంపకుండా పారేశారు. అప్పుడే పంపి ఉంటే ఆ మందం ఇంకా చిన్న అంకెలో ఉండేది.

ఆ అంకె గురించి వివరంగా రాస్తాను, ఇప్పుడు మీ చేతిలో ఉన్న ముఖ్యమైన సంగతి అదే. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజీ డాక్టరు చూపించింది ఏమిటంటే, మెలనోమా ఎంత వెడల్పుందన్నది కాదు, చర్మంలోకి ఎంత మందాన దిగిందన్నదే మనిషి భవిష్యత్తును ఎక్కువగా చెబుతుంది. అందుకే మైక్రోస్కోపు కింద మిల్లీమీటర్లలో కొలుస్తారు. 1 మిల్లీమీటరు లోపు ఉంటే చాలామందికి కోసి తీయడంతో సరిపోతుంది. 4 దాటితే బాగా దిగినట్టు. మీ బాపుది 3.2, పైగా పుండు పడింది. పుండు పడటం అంటే జబ్బు కొంచెం ముందుకు వెళ్లిందని లెక్క. తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. అలాగని చెయ్యి దాటిందని కూడా ఈ కొలత చెప్పడం లేదు. గజ్జల్లో బిళ్లలకు (లింఫ్ గ్రంథులకు), ఊపిరితిత్తులకు, మరో చోటికి వెళ్లలేదని తేలితే ఇది రెండో దశ. ఇంకొక సంగతి: 3.2 అన్నది తీసిన చిన్న ముక్కలో కొలిచినది. మొత్తం తీశాక కొలిస్తే పెరగవచ్చు. అప్పుడు డాక్టర్లు మోసం చేశారని అనుకోకండి.

కాలు తీసేస్తారా? మడమ మీద ఇంత మచ్చకు సాధారణంగా కాలు తీయరు. 2 మిల్లీమీటర్ల కన్నా మందంగా ఉన్న మెలనోమాకు, కనిపించే మచ్చ అంచు నుంచి చుట్టూ 2 సెంటీమీటర్ల మంచి చర్మాన్ని కూడా కలిపి తీస్తారు. మచ్చ రూపాయి బిళ్లంత ఉందనుకుందాం, గాయం దాదాపు అరచేతి గుంటంత అవుతుంది. కట్టు విప్పినప్పుడు అంత గాయం చూసి గుండె ఝల్లుమనకుండా ఉండాలని ముందే చెబుతున్నాను. నడిచినప్పుడు ఒంటి బరువంతా మోసేది మడమ కాబట్టి, పల్చటి చర్మం అతికిస్తే అక్కడ తొందరగా చిట్లే భయం ఉంటుంది. అందుకే అరికాలి మధ్యలో నేలకు తగలని గుంట ఉంటుంది చూడండి, అక్కడి మందపాటి చర్మాన్ని దాని రక్తనాళంతో సహా జరిపి మడమకు కప్పుతారు. ప్లాస్టిక్ సర్జన్ ఉన్న చోట చేయించుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే. వేలికి వస్తే మాత్రం తరచూ ఆ వేలు తీసేయాల్సి వస్తుంది.

ఆపరేషన్‌కు ముందు సర్జన్‌ను ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "గజ్జల్లో మొదటి బిళ్ల పరీక్ష కూడా ఇదే ఆపరేషన్‌లో చేస్తారా?" మెలనోమా కదిలితే ముందు ఆ కాలి నుంచి లింఫ్ అనే నీరు పోయే దారిలో మొట్టమొదటి బిళ్లకు చేరుతుంది. మచ్చ దగ్గర కొద్దిగా రేడియోధార్మిక మందు, నీలం రంగు ఎక్కించి, ఆ రంగు ఏ బిళ్లకు చేరిందో చూసి దాన్ని ఒక్కదాన్నే తీసి పరీక్షిస్తారు. మడమ కోసి, చర్మం జరిపి కప్పిన తర్వాత ఆ దారులు మారిపోతాయి. అప్పుడు వెతికితే అసలు బిళ్ల దొరక్కపోవచ్చు. అందుకే రెండూ ఒకేసారి జరగాలి. తొందరలో మచ్చ ఒక్కటే తీసి పంపితే ఈ అవకాశం పోతుంది. ఆపరేషన్ మర్నాడు మూత్రం నీలంగా, ఆకుపచ్చగా వస్తే కంగారు పడొద్దు, ఆ రంగే. ఆ బిళ్లలో కాస్త జబ్బు కనబడినా, ఒకప్పటిలా గజ్జల్లో బిళ్లలన్నీ తీసేయడం ఇప్పుడు తగ్గింది. 2017లో వచ్చిన పెద్ద అధ్యయనంలో అన్నీ తీసినవాళ్లు, స్కానింగ్‌తో కనిపెట్టుకుంటూ ఉన్నవాళ్లకన్నా ఎక్కువ కాలమేమీ బతకలేదు. పైగా వాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి కాలో చెయ్యో వాచింది.

సంక్రాంతి దాకా ఆగొచ్చా? ఆగొద్దు. రేపే థియేటర్‌కు పరుగెత్తాల్సిన అత్యవసరం కాదు, షుగర్ అదుపులోకి తేవడానికీ స్కాన్‌లకూ సమయం కావాలి. కానీ ఆ సమయాన్ని వారాల్లో లెక్కపెట్టుకోవాలి. పత్తి ఏరడానికి కూలివాళ్లను మాట్లాడవచ్చు. మీ అన్నయ్యది నిర్లక్ష్యం కాదని నాకు తెలుసు. చేతికొచ్చిన పంట చేలో ఉండగా ఆస్పత్రి వైపు చూడటం రైతుకు ఎంత కష్టమో తెలుసు. కూర్చోబెట్టి 3.2 అంటే ఏమిటో చెప్పండి. పంట నష్టానికి లెక్క వేసే మనిషికి ఈ లెక్కా అర్థమవుతుంది.

ఎకరం సంగతి. ఏ ఆస్పత్రిలోనూ మొదటి రోజే భూమి అమ్మే నిర్ణయం తీసుకోకండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. క్యాన్సర్ ఆపరేషన్లు అందులో ఉన్నాయి. పథకం ఉన్న ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర అని కౌంటర్ దగ్గర ఒకరు కూర్చుంటారు. డాక్టర్‌ను కలవకముందే ఆయన్ను కలిసి, ఈ ఆపరేషన్, ఈ బిళ్ల పరీక్ష, చర్మం కప్పడం మూడూ వస్తాయా అని విడివిడిగా అడగండి. ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఇదే పని ఎన్టీఆర్ వైద్య సేవలో జరుగుతుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, అటు విశాఖలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. కాజీపేట నుంచి రైల్లో వెళ్తారు కదా, వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో టికెట్టు ఉచితం, తోడు వెళ్లేవారికి కూడా పెద్ద రాయితీ ఉంటుంది. ఆస్పత్రిలో రైల్వే ఫారం నింపించుకోవాలి. చిన్న విషయమే, కానీ ఏడాదిలో పదిసార్లు తిరిగే ఇంటికి చిన్నది కాదు.

భూములు అమ్మించేది ఎక్కువగా ఆపరేషన్ కాదు, తర్వాత రాసే ఖరీదైన ఇంజెక్షన్లు. క్యాన్సర్ కణాలు మన ఒంటి రక్షక కణాలకు ఒక రకం బ్రేకు వేస్తాయి. ఆ బ్రేకు విడిపించే మందులివి. వీటికి దారి చూపిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ ఇచ్చారు. పాకిన మెలనోమాకు 2010కు ముందు ఆయుష్షు పెంచుతుందని రుజువైన మందే లేదు, ఇప్పుడు కొందరు ఏళ్ల తరబడి బతుకుతున్నారు. ఇది నిజంగా గొప్ప మార్పు. అయితే మీకు దాచకుండా చెప్పాలి: అరికాలి రకంలో ఈ మందులు, ఎండ వల్ల వచ్చే రకంలో పనిచేసినంతగా పనిచేయవు. కాబట్టి ఎవరైనా రాస్తే, "ఈ మందు వల్ల మా బాపుకు, ఈ దశలో, అరికాలి రకానికి ఎంత లాభం? తీసుకోకపోతే ఏమవుతుంది?" అని సూటిగా అడగండి. జబ్బు బిళ్లలకు గానీ మరో చోటికి గానీ పాకిందని తేలితే బి-రాఫ్, కిట్ అనే జన్యు పరీక్షల గురించి కూడా అడగాలి. ఆ జన్యువుల్లో మార్పులు ఉన్నవాళ్లకు మాత్రలు ఉన్నాయి. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోడు.

బాపుకు చెప్పాలా? చెప్పాలి. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

"తెలిస్తే గుండె ఆగిపోతది" అని పిల్లలు నా గది బయట చేతులు పట్టుకుని బతిమాలుతారు. లోపలికి వెళ్తే ఆ పెద్దాయన "నాకు తెలుసు సారూ, పిల్లలు భయపడతారని అడుగుతలేను" అంటాడు. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రెడ్‌హిల్స్‌లో ఆటోవాళ్లు కూడా ఎం.ఎన్.జె.ని క్యాన్సర్ దవాఖాన అనే అంటారు. అక్కడ వరుసలో కూర్చున్న మనిషికి ఎవరూ చెప్పనవసరం లేదు. అప్పుడు ఒకే ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరు ఏడవడమే మిగులుతుంది. ఇంకా ఒకటి. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయన. కొన్ని వారాలు మడమ నేల మీద పెట్టకుండా ఉండాల్సింది, చుట్ట అలవాటుంటే మానాల్సింది ఆయన. మామూలు పుండే అనుకునే మనిషి అవన్నీ ఎందుకు చేస్తాడు?

అలాగని ఒక్కసారిగా కుమ్మరించమనడం లేదు. సాయంత్రం ఇంట్లో హడావిడి లేనప్పుడు, ఆయన ఎక్కువగా మనసు విప్పేది ఎవరి దగ్గరో వాళ్లే కూర్చోండి. మీరే అయి ఉంటారని నా ఊహ. "బాపూ, ఈ పుండు ఏమిటని నీకు అనిపిస్తున్నది?" అని అడిగి ఆగండి. ఆయన ఎంతవరకు వచ్చాడో దాన్నిబట్టి తెలుస్తుంది. "డాక్టర్లు చెప్పింది నీకు చెప్పమంటవా?" అని అడగండి. వద్దంటే ఆ రోజుకు ఊరుకోండి. చెప్పమంటే, "ఇది చెడ్డ మచ్చనట, క్యాన్సరే. పెద్ద ఆపరేషన్‌తో తీస్తరట. మేమంత నీతోనే ఉంటం" అని చాలు. తర్వాత వచ్చే మౌనాన్ని మాటలతో నింపకండి. ఆయన అడిగే మొదటి ప్రశ్న చావు గురించి కాకపోవచ్చు, కాలు గురించో పొలం గురించో అడుగుతాడు. దానికే జవాబు చెప్పండి. ఇంట్లో ఎవరికైనా నిద్ర పట్టకపోతున్నా, దిగులు పెరుగుతున్నా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

వదినకు చెప్పండి: క్యాన్సర్ అంటుకోదు. పళ్లెం, మంచం, తువ్వాలు, మనవల ముద్దులు, దేనివల్లా రాదు. పుండు కట్టు మార్చేటప్పుడు చేతులు కడుక్కోవడం ఆయనకు చీము పట్టకుండా ఉండటానికే. ఈ రోజే ఆ పళ్లెం అందరి పళ్లాల్లో కలపండి. కోపంతో చెప్పకండి, ఆమెదీ పిల్లల మీది భయమే.

ఆపరేషన్ తర్వాత మడమ మానడం షుగర్ మీద, చుట్ట మీద సగం ఆధారపడుతుంది. ఆయనకు చుట్ట అలవాటుంటే ఇప్పుడే మాన్పించండి. పొగ రక్తనాళాలను బిగిస్తుంది, జరిపి కప్పిన చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఉంది. నడిచే రోజు వచ్చాక మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకోవాలి, పొలానికైనా వట్టి కాళ్లతో వద్దు. మొదటి రెండు మూడేళ్లు కొన్ని నెలలకోసారి చూపించుకోవాలి. ఇంట్లో మీరు చూడాల్సింది గజ్జల్లో కొత్త గడ్డ, మడమకూ గజ్జలకూ మధ్య చర్మం మీద నల్లటి చిన్న బొడిపెలు. ఎప్పుడైనా నొప్పి ఎక్కువైతే ఓర్చుకోమనకండి. ఎం.ఎన్.జె.లో నొప్పి తగ్గించే ప్రత్యేక విభాగం ఉంది, నోటి ద్వారా వేసుకునే మార్ఫిన్ ఇస్తారు. అది ఆఖరి రోజుల మందన్నది అపోహ.

మిగతా పాఠకులు కూడా చదువుతారు కాబట్టి వాళ్లకు రెండు మాటలు. అరికాల్లో పుట్టుమచ్చ ఉంటే దేశాలు తిరుగుతారని మురిసిపోతాం. చిన్ననాటి నుంచీ మారకుండా ఉన్న మచ్చతో ఇబ్బంది లేదు. పెద్దయ్యాక కొత్తగా వచ్చినది, పెరుగుతున్నది, అంచులు వంకరటింకరగా పోతున్నది, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నది చర్మం డాక్టర్‌కు చూపించాలి. వాళ్లు చిన్న భూతద్దంలాంటి పరికరంతో చూస్తారు. అరికాలి గీతలు దున్నిన పొలంలాగే ఉంటాయి. మామూలు మచ్చ రంగు ఎక్కువగా చాళ్లలో ఉంటుంది, మెలనోమా రంగు చాళ్ల మధ్య ఉబ్బెత్తు గట్ల మీద పరుచుకుంటుంది. గోటికి దెబ్బ తగిలి నల్లబడితే ఆ నలుపు గోరుతో పాటు మెల్లగా ముందుకు జరుగుతుంది. జరగకుండా నిలువు చారలా వెడల్పవుతుంటే, గోటి మొదట్లో చర్మానికి కూడా నలుపు పాకుతుంటే ఆగొద్దు. ఏళ్ల కిందటి కాలిన మచ్చలో మళ్లీ పుండు పడి మానకపోయినా, లంగా బొందు ఒరుసుకునే చోట నడుము మీద పుండు నెలల తరబడి ఉన్నా చూపించండి, అక్కడ వేరే రకం చర్మ క్యాన్సర్ వస్తుంది. ముఖం మీద, ముక్కు పక్కన నల్లగా మెరుస్తూ పెరిగి మధ్యలో పుండు పడేది ఇంకో రకం. అది దాదాపుగా ఎక్కడికీ పాకదు, తీసేస్తే పోతుంది. తెల్లటి ఒళ్లు, తెల్ల జుట్టుతో పుట్టిన పిల్లలను మాత్రం ఎండ నుంచి కాపాడాలి, వాళ్లకు ఎండే శత్రువు. బొల్లి క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు.

అమ్మా, హైదరాబాద్ వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. ముక్క పరీక్ష చేసిన ల్యాబ్‌లో గాజు స్లైడ్లు, ఆ ముక్కను నిలవ ఉంచిన మైనపు దిమ్మ అడిగి తీసుకోండి. అడిగితే సాధారణంగా ఇస్తారు. కొత్త ఆస్పత్రిలో వాళ్లు మళ్లీ చూసి తేల్చుకుంటారు, ఇంకో ముక్క తీసే పని తప్పవచ్చు. ఆపరేషన్ అయిన కొన్ని రోజులకు మరో రిపోర్టు వస్తుంది. అందులో కొత్త మందం ఎంతో, అంచుల్లో జబ్బు ఉందో లేదో, గజ్జల బిళ్ల ఎలా ఉందో, ఈ మూడూ నాకు రాయండి. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.